కాగితాల్లో ఆ బండి ఇంకా నాదే

సంపాదకులవారికి నమస్కారాలు.

పదిహేనేళ్లు దాటిన వాహనాలను తుక్కు కింద అప్పగించాలా, బాగుచేసుకుని నడుపుకోవచ్చా అన్న విషయంపై మీ పత్రికకు పాఠకులు రాస్తున్న ఉత్తరాలను కొన్నాళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. పొగ గురించి, రుసుముల గురించి, ప్రమాదాల గురించి చాలామంది రాశారు. పాత బండి ఒక చేతినుంచి మరో చేతికి ఎలా మారాలన్న సంగతిని మాత్రం ఎవరూ ప్రస్తావించలేదు. ఆ సంగతి పట్టించుకోకపోవడం వల్ల ప్రాణంగా చూసుకున్న మోటారు సైకిలును పోగొట్టుకుని, పాతికేళ్ల తర్వాత అదే రకం బండిని మరొకటి కొనుక్కున్నవాణ్ని కనుక, నా అనుభవాన్ని మీ పాఠకులతో పంచుకోవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నేను పశుసంవర్ధక శాఖలో పశువైద్య సహాయకుడిగా చేరి, 2019లో పదవీ విరమణ చేశాను. నా ఉద్యోగమంతా కదిరి చుట్టుపక్కల పల్లెల్లోనే గడిచింది. 1984లో ప్రభుత్వం ఇచ్చే మోటారు సైకిల్ అడ్వాన్సు తీసుకుని, అనంతపురంలో ఎజ్డీ రోడ్‌కింగ్ కొన్నాను. రంగు మెరూను. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో తయారైన బండి అది. ఆ కర్మాగారం 1960ల మొదట్లో చెకోస్లోవేకియా వారి జావా బండ్లతో మొదలై, 1973 నుంచి ఎజ్డీ పేరుతో సొంత బండ్లు తయారుచేసింది. మా రాయలసీమ రోడ్లకు, ఆ రోజుల్లో రోడ్లే లేని దారులకు, అంతకన్నా తగిన బండి మరొకటి లేదని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ఆ బండిని నడపనివారి కోసం ఒక్క విషయం వివరంగా చెప్పాలి. ఎజ్డీకి కిక్కు వేరు, గేరు వేరు కాదు. ఎడమవైపు ఉండే ఒకే రాడ్డు రెండు పనులూ చేస్తుంది. ముందుకు వాలి ఉన్న ఆ రాడ్డును పాదంతో ఇంజిను వైపు లోపలికి నొక్కి, పైకి తిప్పి వెనక్కి నిలబెడితే కిక్కు అవుతుంది. ఇంజిను అందుకున్న తర్వాత మళ్లీ ముందుకు దించితే గేరు అవుతుంది. కొత్తవాళ్లు దాన్ని లోపలికి నొక్కకుండా తిప్పబోయి, ఎటూ కదలక, బండి చెడిపోయిందనుకునేవారు. పొద్దున్నే బండి తీసేటప్పుడు నా కాలు తనంతట తాను చేసే పని అది. బండి అమ్మిన తర్వాత కూడా చాలాకాలం, కొత్త బండి ఎక్కినప్పుడల్లా నా ఎడమ పాదం ఆ రాడ్డు కోసం వెతికేది.

వెనక సీటుకు ఒక పక్క మందుల పెట్టె, మరో పక్క ఆవులకు కృత్రిమ గర్భధారణ చేయడానికి గడ్డకట్టించిన వీర్యపు గొట్టాలుంచిన ద్రవ నైట్రోజన్ క్యాను కట్టుకుని, తనకల్లు వైపు, తిమ్మమ్మ మర్రిమాను వైపు, ముదిగుబ్బ వైపు రోజూ తిరిగేవాణ్ని. గాలికుంటుకు, గొంతువాపుకు టీకాలు వేసే రోజుల్లో ఒక్క పూటలో నాలుగైదు ఊళ్లు చుట్టేవాణ్ని. జంట సైలెన్సర్ల ఆ టూ స్ట్రోక్ చప్పుడు ఊరికి దూరంగా ఉండగానే వినిపించేది. అది విని రైతులు పశువులను కట్టు కొయ్యల దగ్గరకు తెచ్చి ఉంచేవారు. ఎదకు వచ్చిన ఆవు విషయంలో ఆ కొద్దిసేపు చాలా విలువైనది. ఎద ఒక రోజుకు మించి నిలవదు, ఆ సమయం దాటితే రైతు మళ్లీ 21 రోజులు ఆగాలి, ఆ మేరకు చూడి ఆలస్యమవుతుంది, పాడి ఆలస్యమవుతుంది.

1999లో ఆ బండి అమ్మేశాను. అమ్మడానికి కారణాలు లేకపోలేదు. 1996లో మైసూరు కర్మాగారం మూతపడింది. విడిభాగాలు దొరకడం కష్టమైంది. క్లచ్ ప్లేట్ల కోసం ఒకసారి బెంగళూరు దాకా వెళ్లి రావలసి వచ్చింది. లీటరుకు 30 కిలోమీటర్లు కూడా ఇవ్వని నా బండి పక్కన, 70 ఇచ్చే వంద సీసీ ఫోర్ స్ట్రోక్ బండ్లు నిలబడి ఉండేవి. పెద్దమ్మాయిని ఆ ఏడాదే కాలేజీలో చేర్పించాలి. అన్నిటికీ మించి, రిజిస్ట్రేషనుకు పదిహేనేళ్ల గడువు ముగియబోతోంది, ఇప్పుడు అమ్మకపోతే ఇక తుక్కే అని ఒక బ్రోకరు చెప్పాడు. ఆ మాట నిజం కాదని నాకు అప్పుడు తెలియదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనానికి పదిహేనేళ్లు పూర్తయ్యాక, బండిని తనిఖీ చేయించి, రిజిస్ట్రేషనును ఐదేళ్ల చొప్పున పునరుద్ధరించుకోవచ్చు. ఢిల్లీ ప్రాంతంలో న్యాయస్థానాల ఆదేశాల మేరకు వచ్చిన ఆంక్షలను చూసి, దేశమంతటా అదే నియమం ఉందని ఇప్పటికీ చాలామంది భయపడుతున్నారు. మన రెండు రాష్ట్రాల్లో పదిహేనేళ్లు నిండినంత మాత్రాన ఏ సొంత మోటారు సైకిలూ తుక్కు అయిపోదు.

బ్రోకరు తొమ్మిది వేలు చేతిలో పెట్టాడు. యజమాని పేరు మార్పుకు వాడే ఫారం 29 మీద, ఫారం 30 మీద సంతకాలు అడిగాడు. కొనేవారి పేరు, తేదీ రాయాల్సిన చోట ఖాళీగానే ఉన్నాయి. "పార్టీ దొరికినాక నేనే రాసుకుంటా సార్, మీరేం ఇబ్బంది పడొద్దు" అన్నాడు. సీ బుక్కుతో, అంటే రిజిస్ట్రేషను పుస్తకంతో, సహా అన్నీ ఇచ్చేశాను. బండి ఎవరి ఇంటికి వెళుతోందో, ఏ ఊరికి వెళుతోందో అడగలేదు. పశువును సంతలో అమ్మేటప్పుడు కూడా మా రైతులు కొన్నవాడిది ఏ ఊరో, ఇంట్లో గడ్డి ఉందో లేదో విచారించి గానీ పలుపు చేతికివ్వరు. పదిహేనేళ్లు నా కుటుంబాన్ని పోషించిన బండి విషయంలో నేను ఆ పాటి విచారణ కూడా చేయలేదు.

ఒక నెల తిరగకముందే, తనకల్లు దగ్గర ఒక పల్లెకు కబురు మీద వెళితే, అక్కడి ముసలమ్మ నొచ్చుకుంటూ, "నీ బండి సప్పుడు ఇనపడల్యా సారూ, నువ్వు రాలేదనుకోని ఆవును మేతకు ఇడిసిపెడితి" అంది. ఆవు కోసం కొండవైపు మనిషిని పంపారు. అది తిరిగి వచ్చేసరికి పొద్దు గూకింది, ఎద కూడా దాటిపోయింది. కొత్త బండి చప్పుడు చేయదని నేను దాన్ని మెచ్చుకుంటూ ఉండేవాణ్ని. ఆ రోజు ఇంటికి వెళుతూ, నేను అమ్మింది కేవలం నా బండిని కాదని మొదటిసారి తెలిసింది.

అమ్మినందుకు చింత సహజమే. కానీ ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం 2004లో జరిగింది. పక్క జిల్లాలోని ఒక పోలీసు స్టేషను నుంచి కానిస్టేబులు మా ఇంటికి వచ్చాడు. నా పేరు మీద ఉన్న మోటారు సైకిలు మీద నాటుసారా తీసుకువెళుతుండగా పట్టుకున్నారని, నడిపినవాడు పారిపోయాడని, నేను వచ్చి సంజాయిషీ ఇవ్వాలని చెప్పాడు. ఐదేళ్ల కింద అమ్మిన బండి ఇంకా నా పేరు మీదే ఉందని అప్పుడు తెలిసింది. నేను సంతకం చేసి ఇచ్చిన కాగితాలు రవాణా శాఖ కార్యాలయం గడప తొక్కలేదు. పునరుద్ధరణ గడువు దాటిపోవడంతో పేరు మార్పించుకోవడం కొన్నవారికి ఖర్చుతో కూడిన పనైంది. ఆ కాగితాలతోనే బండి ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారింది.

స్టేషనుకు వెళ్లాను. వెనకవైపు కంచె పక్కన, జమ్ము గడ్డిలో, పది పదిహేను బండ్ల మధ్య అది నిలబడి ఉంది. మెరూను రంగు మీద ఎవరో నల్ల పెయింటు బ్రష్షుతో పూశారు. ట్యాంకుకు మూత లేదు, అందులోకి వాన నీళ్లు దిగాయి. ఎడమవైపు సైలెన్సరు ఊడిపోయింది. వంగి చూస్తే, ట్యాంకు అడుగున నేను 1991లో లీకు పడినప్పుడు పెట్టించిన సోల్డరింగు మచ్చ చేతికి తగిలింది. సందేహం లేదు, అది నా బండే.

లోపలికి పిలిచి కాగితం, పెన్ను ఇచ్చారు. ప్రభుత్వోద్యోగిని. సారా కేసులో పేరు వస్తే ఉద్యోగం ఏమవుతుందోనన్న భయం. "ఈ వాహనాన్ని 1999లోనే విక్రయించాను. దీనితో నాకు ఎటువంటి సంబంధమూ లేదు" అని రాసి సంతకం పెట్టాను. నిజానికి చట్టం దృష్టిలో ఆ రోజు ఆ బండికి యజమానిని నేనే. కేసు ముగిసిన తర్వాత దాన్ని విడిపించుకోవడానికి దరఖాస్తు పెట్టగల అర్హత ఉన్న మనిషిని కూడా బహుశా నేనొక్కడినే. ఆ ఆలోచన నాకు నాలుగైదు నెలల తర్వాత గానీ రాలేదు. ధైర్యం చేసుకుని తిరిగి వెళ్లేసరికి కంచె పక్కన ఆ బండి లేదు. ఎవరు తీసుకువెళ్లారని అడిగితే సరైన జవాబు చెప్పినవారు లేరు. బండిని అమ్మినందుకు కాలక్రమంలో నన్ను నేను క్షమించుకోగలిగాను. సంబంధం లేదని రాసిచ్చినందుకు మాత్రం క్షమించుకోలేకపోయాను.

ఆ బండికి సంబంధించి నా దగ్గర మిగిలింది ఒక్క చీటీ. ఇన్సూరెన్సు కోసం ఒకప్పుడు తీసిన చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు అది. తెలియనివారి కోసం చెబుతున్నాను: చాసిస్ మీద నంబరు కొట్టిన చోట గ్రీజు తుడిచి, పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌ను అడ్డంగా పట్టుకుని మెల్లగా రుద్దితే, నల్లటి నేల మీద అంకెలు తెల్లగా తేలుతాయి. నా చీటీలో చివరి అంకె 4. దాని నిలువు గీత పైభాగం కొద్దిగా తెగి ఉంటుంది. కర్మాగారంలో సుత్తి దెబ్బ కొంచెం ఒరిగి పడినట్టుంది. పర్సులో పెట్టుకుని తిరిగి తిరిగి ఆ చీటీ మడతల దగ్గర చిరిగిపోతే, మా ఆవిడ దానికి వెనకనుంచి గుడ్డపీలిక అంటించి ఇచ్చింది.

పదవీ విరమణ తర్వాత ఆ చీటీ పట్టుకుని పాత ఎజ్డీలు ఎక్కడ ఉన్నాయంటే అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. హిందూపురంలో, ధర్మవరంలో, పలమనేరులో, కర్ణాటకలో బాగేపల్లి దాకా వెళ్లి చూశాను. వెళ్లిన ప్రతిచోటా మోకాళ్ల మీద కూర్చుని, టార్చిలైటు వేసి, ముందు నంబరు చూసేవాణ్ని. అది నా బండి కాదని తేలగానే లేచి వచ్చేసేవాణ్ని. మంచి బండ్లను కూడా అలా వదిలేశాను. అయితే ఆ తిరుగుడులో పాత బండ్ల కాగితాలు ఎంత దయనీయంగా ఉన్నాయో కళ్లారా చూశాను. ఒక బండి సీ బుక్కు చనిపోయి పన్నెండేళ్లయిన పెద్దాయన పేరు మీద ఉంది. వారసులు ఫారం 31 దాఖలు చేసి పేరు మార్పించుకోవాలన్న సంగతే వారికి తెలియదు. మరొక బండికి సీ బుక్కే లేదు, ఉన్నది జిరాక్సు. ఇంకొకదాని చాసిస్ మీద పాత అంకెలను ఆకురాయితో అరగదీసి కొత్తవి కొట్టిన గుర్తులు కనిపించాయి. అటువంటి బండి ఎంత చవగ్గా వచ్చినా ఇంటికి తేకూడదు, దాని వెనక దొంగతనమైనా ఉండాలి, అంతకన్నా పెద్ద నేరమైనా ఉండాలి.

2024 చివర్లో మా మెకానిక్ మదనపల్లెలో ఒక బండి ఉందని చెప్పాడు. కదిరిలో నా మొదటి బండికి పాయింట్లు సర్దినవాడి కొడుకు అతను, ఆ పని తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. "సార్, ముందే చెప్తుండా, అది మీ బండి కాదు. నలుపు రంగు, 86 మోడలు. ఆ చీటీ ఇంటికాడ పెట్టి వస్తానంటే తీసకపోతా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే చీటీని బీరువాలో పెట్టి అతనితో బయలుదేరాను.

బండి యజమాని ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు. పిల్లలు విదేశాల్లో ఉన్నారు, ఆయనకు మోకాలి శస్త్రచికిత్స జరిగింది, కిక్కు కొట్టడం ఇక కుదరదు. ఆయన బండి చూపించే ముందు నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. ఎక్కడ నిలుపుతారు, నీడ ఉందా, ఎవరు మరమ్మతు చేస్తారు, వారానికి ఎన్నిసార్లు తీస్తారు అని అడిగారు. నేను 1999లో అడగవలసి ఉండీ అడగని ప్రశ్నలన్నీ ఆయన నన్ను అడిగారు. ఆ తర్వాత సీ బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు. 2001, 2006, 2011, 2016, 2021 సంవత్సరాల్లో, ఒక్కసారి కూడా తప్పకుండా, రిజిస్ట్రేషను పునరుద్ధరించిన నమోదులు వరసగా ఉన్నాయి. ఇన్సూరెన్సు ఒక్క ఏడాది కూడా తెగలేదు. పాత బండి కొనేవారికి నేనిచ్చే సలహా ఇదే: ట్యాంకు మెరుపు చూడకముందు సీ బుక్కులోని తేదీలు చూడండి. బండికి రంగు ఒక్క రోజులో వేయవచ్చు, ఇరవై ఏళ్ల వరస తేదీలను ఎవరూ కొత్తగా తయారుచేయలేరు.

తొంభై ఐదు వేలకు బేరం కుదిరింది. అమ్మినప్పుడు నాకు వచ్చిన దానికి పది రెట్లకు పైనే. అయినా ఆయన ఆ రోజు బండి ఇవ్వలేదు. "పేరు మారినాక వచ్చి తీసుకెళ్లండి" అన్నారు. ఇద్దరం కలిసి కాగితాలు నింపాం, ఖాళీ ఒక్కటీ వదలలేదు. అమ్మిన తేదీ, గంట రాసి, ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లు జతచేసి, సాక్షుల సంతకాలతో అమ్మకం కాగితం రాసుకున్నాం. కొత్త సీ బుక్కు నా పేరు మీద వచ్చిన తర్వాతే తాళం నా చేతికి ఇచ్చారు. మొదట్లో ఇదంతా చాదస్తం అనిపించినా, ఆయన చూపిన జాగ్రత్త చట్టం చెప్పిన దారిలోనిదే. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, రాష్ట్రం లోపల అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో ఆ సంగతి రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. మనలో చాలామందిమి ఈ బాధ్యత పూర్తిగా కొన్నవారిదే అనుకుంటున్నాం. అది పొరపాటు. నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల మధ్య నడిచిన కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరు ఉంటే ప్రమాద నష్టపరిహారం విషయంలో వారే యజమాని. నా పేరు మీద ఉన్న బండి సారాతో పట్టుబడింది. ఎవరి ప్రాణమో తీసి ఉంటే నేనూ నా పిల్లలూ ఏమై ఉండేవాళ్లమో తలచుకుంటేనే వణుకు పుడుతుంది.

మదనపల్లె నుంచి ములకలచెరువు మీదుగా కదిరికి బండి నేనే నడుపుకుంటూ వచ్చాను. కూర్చోగానే నా ఎడమ పాదం రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పింది. పాతికేళ్లయినా మరిచిపోలేదు. అయితే తనకల్లు చేరేలోపలే ఇది ఆ బండి కాదని నా ఒళ్లంతటికీ తెలిసిపోయింది. దీని రెండో గేరు గట్టిగా పడుతుంది. హ్యాండిలు కొంచెం కుడికి లాగుతుంది. చప్పుడులో సన్నటి జీర ఉంది. మొదటి వారం రోజులు వీటన్నిటినీ లోపాలుగా లెక్కపెట్టి, అన్నీ సరిచేయమని మెకానిక్ మీద పడ్డాను. ట్యాంకుకు మెరూను రంగు వేయించమని కూడా చెప్పాను. అతను రంగు డబ్బా తెచ్చి పక్కన పెట్టి, "సార్, ఆ మేష్టారు ముప్పై ఎనిమిదేండ్లు ఇట్లే నడిపినారు. ఇది ఆయన చేతికి అలవాటైన బండి. మీ బండి మాదిరి చేస్తే ఇది ఆయన బండీ కాదు, మీ బండీ కాదు. దీని మర్యాద దీనికి ఇయ్యండి" అన్నాడు. వయసులో నా కొడుకంతవాడు ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ అతనికి రుణపడి ఉన్నాను. బండి నలుపుగానే ఉంది. హ్యాండిలు మాత్రం సరిచేయించాం, అది భద్రతకు సంబంధించిన విషయం కనుక.

ప్రియమైన బండిని అమ్ముకుని బాధపడుతూ అదే రకం మరొకటి కొనాలనుకునేవారు ఎందరో ఉన్నారు. ఎజ్డీ కావచ్చు, 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్ఎక్స్ 100 కావచ్చు, రాజ్‌దూత్ కావచ్చు. జావా పేరు 2018లో, ఎజ్డీ పేరు 2022లో కొత్త బండ్ల మీద తిరిగి వచ్చాయి. అవి వేరే తరం బండ్లు, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లవి, వాటిని వాటిగానే ఇష్టపడి కొనేవారు కొనవచ్చు. పాతదే కావాలనుకునేవారికి మాత్రం నా విన్నపం ఒక్కటే. పోయిన బండి తిరిగి వస్తుందనుకుని కొనకండి. మరొకరు ఇన్నేళ్లు సాకిన బండిని మనం ఇకపై సాకబోతున్నామని అనుకుని కొనండి. అలా అనుకోగలిగితే దాని మరమ్మతు మీద విసుగు రాదు. టూ స్ట్రోక్ బండికి పెట్రోలులో ఆయిలు కొలిచి కలపాలి; నేను లీటరుకు 40 మిల్లీలీటర్లు కలుపుతున్నాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది కనుక పాత రబ్బరు పైపులు, వాషర్లు అన్నీ మార్పించాను. వారం మించి బండి తీయకపోతే కార్బురేటరు ఖాళీ చేసి ఉంచుతున్నాను. కనీసం వారానికి ఒకసారి మర్రిమాను దాకా వెళ్లి వస్తున్నాను.

ప్రభుత్వానికి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 50 ఏళ్లు దాటిన వాహనాలను వారసత్వ వాహనాలుగా గుర్తించి, వాటికి ప్రత్యేక నంబరు వరస ఇచ్చే నిబంధనలు 2021 జులైలో వచ్చాయి. మంచి పని. కానీ నా బండికి 50 ఏళ్లు నిండేది 2036లో. అప్పటిదాకా అది కేవలం ముసలి బండి. పునరుద్ధరణ రుసుము మోటారు సైకిలుకు 300 రూపాయలుండగా 2022 ఏప్రిల్ నుంచి 1,000 అయింది; 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 2,000 చేశారు. పైన హరిత పన్ను ఉంది. పొగ కక్కే బండిని, బ్రేకులు లేని బండిని రోడ్డు మీదికి రానివ్వకూడదన్న ఉద్దేశంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ప్రతి ఐదేళ్లకూ తనిఖీకి తెచ్చి, నిజాయితీగా కాగితాలు నడుపుకునేవారి మీదే ఈ భారమంతా పడుతోంది. కాగితాలు లేకుండా పల్లెల్లో తిరిగే వేల బండ్లకు ఏ రుసుమూ తగలడం లేదు. 15 ఏళ్లకూ 50 ఏళ్లకూ మధ్య ఉన్న బండ్లను, వరసగా పునరుద్ధరణలు ఉన్నవాటినైనా, వేరుగా చూడాలి. నా లాగా ఎప్పుడో సంతకం చేసి ఇచ్చి, ఇప్పటికీ పేరు మారని బండ్లున్నవారికి, ఎవరి చేతిలో ఉంటే వారి పేరు మీదికి మార్చుకునేందుకు, జరిమానా లేకుండా ఒక్కసారి గడువు ఇవ్వాలి. అప్పుడు తుక్కుగా మారకుండా కొన్ని బండ్లు బతుకుతాయి, కొందరు అమాయకులు కోర్టుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.

ఇటీవల రవాణా శాఖ కార్యాలయంలో నా పాత నంబరు చెప్పి విచారించాను. పునరుద్ధరణ లేక రిజిస్ట్రేషను చెల్లుబాటు ఎప్పుడో పోయింది గానీ, యజమాని పేరు స్థానంలో ఇప్పటికీ నా పేరే ఉందని చెప్పారు.

అందుకే ఈ ఉత్తరాన్ని ఒక విజ్ఞప్తితో ముగిస్తున్నాను. కదిరి, పులివెందుల, రాయచోటి, మదనపల్లె ప్రాంతాల్లో ఎవరి దగ్గరైనా 1984 నాటి ఎజ్డీ రోడ్‌కింగ్ ఉండి, నల్ల రంగు కింద గీరితే మెరూను కనిపిస్తే, ట్యాంకు అడుగున సోల్డరింగు మచ్చ ఉండి, చాసిస్ నంబరు చివరి 4 నిలువు గీత పైభాగం తెగి ఉంటే, దయచేసి మీ పత్రిక ద్వారా నాకు కబురు చేయవలసిందిగా కోరుతున్నాను. బండి తిరిగి ఇమ్మని అడగను. దాని మీద హక్కు కూడా కోరను. దాన్ని ఇన్నాళ్లు బతికించి ఉంచినవారి పేరు ఫారాల్లో నా చేత్తో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇస్తాను. పునరుద్ధరణకు అయ్యే ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను. పోలీసు స్టేషనులో రాసిచ్చిన కాగితాన్ని నేను ఇక వెనక్కి తీసుకోలేను, ఈ ఒక్క కాగితమైనా సరిగ్గా రాయాలని ఉంది.

ఇట్లు,
విశ్రాంత పశువైద్య సహాయకుడు,
కదిరి, శ్రీ సత్యసాయి జిల్లా.